మిర్చి గోడౌనులో నిచ్చెన పంచాయితీ

మిర్చి టిక్కీల మధ్య సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చున్న ఆడమనిషిని మీలో ఎవరూ చూసి ఉండరు. టిక్కీలంటే మా గుంటూరు యార్డులో మిర్చి బస్తాలు. వాటి మధ్య నేను కూర్చున్నాను, చుట్టూ పెద్దమనుషులు కుర్చీలేసుకుని చూస్తుండగా. నా కళ్ల వెంట నీళ్లు కారుతుంటే ఏడుస్తున్నాననుకున్నారు కొందరు. అది మిర్చి ఘాటు. కొంత ఏడుపు కూడా ఉందేమో, ఇప్పుడు ఒప్పుకుంటే వచ్చే నష్టం లేదు.

ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడం, పాత సింథసైజర్ల సర్క్యూట్లన్నీ నెట్‌లో ఉన్నాయి. వాటిని చూసి మేం చేసుకుని అమ్మితే తప్పా?" అని అడుగుతారు. అవునని అంటే ఒక తంటా, కాదంటే ఇంకో తంటా. అందుకని ఈ గోడౌను సంగతి చెబుతాను. చెప్పీ చెప్పీ గొంతు పోతోంది కాబట్టి ఈసారి రాస్తున్నాను.

తొంభైల చివర్లో గుంటూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఒక చిన్న కంపెనీలో నేను టెస్టింగ్ సెక్షన్ ఇన్‌ఛార్జిని. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినదాన్ని. నా కింద పనిచేసే వాళ్లంతా ఆడపిల్లలే. మేం తయారు చేసేది పాటలకు వాయించే ఆర్గాన్ పెట్టె. అప్పట్లో విదేశీ కీబోర్డులు ఖరీదు, పైగా మన పల్లెల ఓల్టేజీకి గంటలో చేతులెత్తేసేవి. మా పెట్టె కారు బ్యాటరీ మీద నడిచేది. పల్లెల్లో చర్చిలవాళ్లు ఎక్కువగా కొనేవారు, భజన సమాజాలవాళ్లు కూడా కొనేవారు. "గుంటూరు పెట్టె" అంటే అటు కనిగిరి దాకా పేరుండేది.

ఆ పెట్టె ప్రాణమంతా ఫిల్టర్ అనే చిన్న భాగంలో ఉంటుంది. సర్క్యూట్‌లో పుట్టే శబ్దం మొదట కందిరీగ రొదలా ఉంటుంది. ఫిల్టర్ దాని పదును తగ్గించి, వినసొంపుగా చేసి బయటికి పంపుతుంది. మా ఫిల్టర్‌లో ట్రాన్సిస్టర్లు జతలు జతలుగా, ఒకదానిమీద ఒకటి మెట్లలా ఉండేవి. అందుకని దాన్ని నిచ్చెన అనేవాళ్లం. దాన్ని డిజైన్ చేసింది ఒంగోలు నుంచి వచ్చిన ఒక ఇంజినీరు. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. ఇక్కడా అలాగే అంటాను. ఆ నిచ్చెన తన బుర్రలో పుట్టిందని తమ్ముడు మా యజమానికి చెప్పాడు. యజమాని నమ్మారు. నేనూ నమ్మాను.

యజమానిది మిర్చి కమీషన్ వ్యాపారం చేసే కుటుంబం. వాళ్లింట్లో ఎలక్ట్రానిక్స్ జోలికి వచ్చింది ఆయనొక్కరే. బంధువులంతా నవ్వినా పట్టించుకోలేదు. మనిషికి కోపమెక్కువ, అనుమానం ఇంకా ఎక్కువ. ఎవరూ కాపీ కొట్టకూడదని ఫిల్టర్ మీద నల్లటి లక్క పోయించేవారు. ఎక్కడైనా ఒక్క ట్రాన్సిస్టర్ పోతే ఆ లక్కంతా కరిగించి తీయాల్సిందే. నేను ఎన్నిసార్లు మొత్తుకున్నా వినలేదు.

మా ఎండల్లో ఆ నిచ్చెన సరిగా నడిచేది కాదు. జతలోని రెండు ట్రాన్సిస్టర్లలో ఒకటి వేడెక్కి, రెండోది వేడెక్కకపోతే శ్రుతి తప్పేది. మా సెక్షన్‌లో ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉండేది. చురుకైన చెయ్యి. రెంటినీ ముఖాముఖి ఆనించి దారంతో బిగించి కడితే రెండూ కలిసే వేడెక్కుతాయి కదా అంది. మామూలు దారం జారిపోతుంటే, ఇంటి నుంచి నూలు దారం తెచ్చి పసుపు నీళ్లలో తడిపి కట్టింది. తడి దారం ఆరేకొద్దీ బిగుసుకుంటుంది. దెబ్బకు శ్రుతి నిలబడింది. అప్పటి నుంచి మా అమ్మాయిలు ఆ పనిని "పెళ్లి చేయడం" అనేవారు. "మేడం, ఇవాళ ఎన్ని పెళ్లిళ్లు?" అని పొద్దున్నే అడిగి నవ్వుకునేవారు. తమ్ముడు కూడా వచ్చి ఆ కట్టే విధానం శ్రద్ధగా చూసి వెళ్లేవాడు.

కొన్నాళ్లకు తమ్ముడు మానేశాడు. ఒంగోలులో సొంతంగా అలాంటి పెట్టెలే చేస్తున్నాడని తెలిసింది. యజమాని అగ్గి మీద గుగ్గిలమయ్యారు. నిచ్చెనను పేటెంట్ చేయించి వాడి షాపు మూయిస్తానన్నారు. డ్రాయింగులు చుట్టుకుని నన్ను వెంటబెట్టుకుని మద్రాసులో పేటెంట్ల లాయరు దగ్గరికి వెళ్లారు.

ఆ లాయరు ముసలాయన, తొందర లేని మనిషి. మా డ్రాయింగు చూసి లోపలికి వెళ్లి, ఒక జిరాక్సు కట్ట తెచ్చి పక్కన పెట్టారు. అది అమెరికాలో ఎప్పుడో ఇచ్చిన పేటెంట్. అందులోనూ అదే నిచ్చెన, అవే మెట్లు. మా బొమ్మ కంటే వాళ్ల బొమ్మే శుభ్రంగా ఉంది. ఆయన మాకు విడమరిచి చెప్పారు. పేటెంట్ అంటే ఒక ఒప్పందం. నువ్వు కనిపెట్టింది దాచకుండా లోకానికి చెప్పు, కొన్నేళ్లపాటు ఇంకెవరూ చేసి అమ్మకుండా నీకు హక్కిస్తాం, గడువు తీరాక అది అందరిదీ. ఈ నిచ్చెనకు గడువు ఏనాడో తీరింది. "ఎవరైనా చేసుకోవచ్చు. మాదే అని మాత్రం ఎవరూ అనకూడదు," అన్నారు.

తిరుగు రైల్లో యజమాని డ్రాయింగులు విప్పి చూస్తూ, మళ్లీ చుడుతూ కూర్చున్నారు. తనదని చెప్పి తమ్ముడు అమ్మిన తెలివి తమ్ముడిది కాదని ఆయనకు లాయరు దగ్గరే తెలిసింది. అది నన్నూ గట్టిగానే తాకింది. తెనాలి దాటాక నా వైపు తిరిగి, "ఈ మాట మన మధ్యే ఉండాలమ్మా," అన్నారు. నేను తలూపాను. ఆ తలూపడం ఎంత బరువైనదో అప్పుడు తెలియలేదు.

తమ్ముడు వెళ్లాక మాకు ఇంకో సంగతి బయటపడింది. చలికాలంలో మంచు పడే ఊళ్ల నుంచి పెట్టెలు తిరిగి రావడం మొదలైంది. తెల్లవారుజామున మూగబోతున్నాయట. లక్క కరిగించి చూస్తే తప్పు మాదే. పసుపు దారం చెమ్మ పీల్చి ట్రాన్సిస్టర్ కాళ్లకు తగులుతోంది, దాని గుండా కరెంటు జారిపోతోంది. ఎలక్ట్రానిక్స్‌లో ఇలాంటి పొరపాటు మేం తప్ప ఇంకెవరూ చేయరు. పసుపు మంచిదే కదా, అది ఎక్కడ పూస్తే చెడుతుందని అనుకుంటాం? ఆ తర్వాత నుంచి మైనం పట్టించిన తెల్ల దారం వాడాం. బాధ వదిలింది. ఆ తెల్ల దారం సంగతి మా గేటు దాటకూడదని యజమాని అందరికీ గట్టిగా చెప్పారు.

క్రిస్మస్ దగ్గర పడుతున్న రోజుల్లో గొడవ ముదిరింది. తమ్ముడు పల్నాడు వైపు చర్చిలకు ఒప్పుకున్న పెట్టెల్ని వ్యానులో వేసి పంపితే, మా యజమాని మనుషులు గుంటూరు దగ్గర ఆపి, సరుకంతా యార్డు పక్కనున్న వాళ్ల మిర్చి గోడౌనులో దింపి తాళం వేశారు. తమ్ముడు పోలీసుల దగ్గరికి పోతే, సర్క్యూట్ల గొడవ మాకేం అర్థమవుతుంది, ముందు పెద్దల దగ్గర కూర్చుని తేల్చుకోమన్నారట. ఇల్లు తాకట్టు పెట్టి చేసిన సరుకది. పండక్కి అందకపోతే తమ్ముడు మళ్లీ లేవలేడు. ఆ ముక్క మా కంపెనీలో అందరికీ తెలుసు, యజమానికి ఇంకా బాగా తెలుసు.

మా ప్రాంతంలో గట్టు తగాదా అయినా, కౌలు తగాదా అయినా పెద్దమనుషుల ముందుకే వస్తుంది. నిచ్చెన కూడా అక్కడికే వచ్చింది. పెద్దలు ఇద్దరు. ఒకాయన యార్డులో అందరూ గౌరవించే పెద్ద వ్యాపారి. ఇంకొకాయన రిటైరైన హెడ్మాస్టరు, చర్చిలో సంఘ పెద్ద. సాక్ష్యం చెప్పడానికి నన్ను రమ్మన్నారు. బయల్దేరేముందు యజమాని నన్ను గదిలోకి పిలిచారు.

"మీరేం అబద్ధం ఆడక్కర్లేదమ్మా. పెట్టె తెరిచి చూపించండి. అందులో ఉన్నది మన దగ్గర ఉన్నట్టే ఉందని చెప్పండి. అంతే."

అబద్ధం ఆడమని అడిగితే బాగుండేది. ఆడనని చెప్పి ఇంటికి పోయేదాన్ని. ఆయన అడిగింది నిజమే, సగం నిజం. కాదనడానికి నోరు రాలేదు. ఐరన్ సంచిలో వేసుకుని గోడౌనుకి బయల్దేరాను.

గోడౌనులో ఒక మూల తమ్ముడి పెట్టెలు, మిగతా అంతా టిక్కీలు. తమ్ముడు చిక్కిపోయాడు. నన్ను చూసి, "అక్కా, నువ్వు కూడానా?" అన్నాడు. బల్ల మీద అతని పెట్టె ఒకటి, మాది ఒకటి పెట్టారు. నేను ఐరన్ వేడి చేసి రెండింటి మీదా లక్క కరిగించసాగాను. తమ్ముడు కూడా ఫిల్టర్ మీద లక్క పోశాడు. ఎవరిదో సర్క్యూట్ తెచ్చుకుని, మళ్లీ దాన్ని ఇంకెవరూ చూడకుండా దాచడం మా దగ్గరే నేర్చుకున్నాడు. లక్క పొగకి ఘాటు తోడై అందరూ దగ్గుతున్నారు. ఎవరూ బయటికి పోలేదు.

మా పెట్టెలో తెల్ల దారం బయటపడింది. అతని పెట్టెలో పసుపు దారం.

నా చెయ్యి ఆగిపోయింది. మేం మానేసిన తప్పును అతను ఇంకా కడుతూనే ఉన్నాడు. ఎందుకు కట్టామో, ఎందుకు మానేశామో తెలియకుండా చూసింది చూసినట్టు దించాడు. గోడౌనులో ఉన్న పెట్టెలన్నీ ఇంతే. తెల్లవారుజామున మంచు పడే వేళ, సరిగ్గా క్రిస్మస్ ఆరాధనలో అవన్నీ మూగబోతాయి.

యజమాని లేచి నిలబడ్డారు. "చూశారా అండీ? పసుపు దారం. మొదట్లో మా అమ్మాయిలు కట్టిందే. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

యార్డు పెద్దాయనకు అప్పటిదాకా ఏమీ అర్థం కాలేదు. పసుపు దారం మాత్రం వెంటనే అర్థమైంది. "ఏం బాబూ, ఇది వీళ్ల దగ్గర చూసి కట్టావా లేదా?" అని తమ్ముణ్ణి నిలదీశారు.

తమ్ముడు తల దించుకున్నాడు. "చూసే కట్టానండి."

"మరింకేం? ఒప్పుకున్నాడు కదా." పెద్దాయన తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నారు. లేచిపోవడమే మిగిలింది.

హెడ్మాస్టరు గారు మాత్రం కదల్లేదు. నా వైపు తిరిగారు. "ఒక్క నిమిషం. అమ్మా, దారం సంగతి సరే. ఈ నిచ్చెన ఎవరిది? అసలు గొడవ దాని గురించేనన్నారు."

యజమాని నన్నే చూస్తున్నారు. తమ్ముడు చూస్తున్నాడు. తమ్ముడి కళ్లలో కూడా భయముంది. తన గుట్టు నాకు తెలుసో తెలియదో అతనికి తెలియదు. మద్రాసు రైల్లో ఊపిన తల గుర్తొచ్చింది. ఐరన్ కొస నుంచి పొగ వస్తోంది, దాన్ని స్టాండులో పెట్టాలని కూడా తోచలేదు.

"ఇద్దరిదీ కాదండి," అన్నాను. "అమెరికాలో ఒకాయన కనిపెట్టాడు. ఆయన హక్కుకి గడువు ఎప్పుడో తీరింది. ఇప్పుడు ఎవరైనా చేసుకోవచ్చు. నాదని మాత్రం మా సారూ అనకూడదు, ఈ తమ్ముడూ అనకూడదు."

యార్డు పెద్దాయన మళ్లీ కూర్చున్నారు. "అంటే కౌలు గడువు తీరిందంటావు. పొలం ఇక ఊరిది."

"అంతేనండి."

"మరి దారమో? అది ఇక్కడిదే కదా?"

"అది మా అమ్మాయిల తెలివండి. దాన్ని అడగకుండా ఎత్తుకుపోవడం తప్పే." అక్కడితో ఆపి ఉండాల్సింది. ఆపలేకపోయాను. "కానీ ఆ పసుపు దారం పనికిరాదండి. చెమ్మ పీలుస్తుంది. ఈ పెట్టెలు పండగ పొద్దున్న మోగవు."

అన్నాకగానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. గేటు దాటకూడదన్న రహస్యం గోడౌను మధ్యలో పడేశాను. పక్కనే మా పెట్టె తెరిచి ఉంది, అందులో తెల్ల దారం అందరికీ కనిపిస్తోంది. యజమాని ముఖం ఎర్రబడింది. ఆయన వచ్చి మా పెట్టె మీద మూత పడేశారు.

పెద్దలిద్దరూ పక్కకి వెళ్లి మాట్లాడుకుని వచ్చారు. నిచ్చెన ఎవరి సొత్తూ కాదు కాబట్టి సరుకు ఆపే హక్కు లేదు, తాళం తీయాలన్నారు. దారం గుంటూరు వాళ్ల తెలివి కాబట్టి దాన్ని విప్పేయాలన్నారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ దారం విప్పితే శ్రుతి ఉండదు, ఉంచితే మంచులో మోగదు. తమ్ముడు బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

హెడ్మాస్టరు గారు యజమానితో మెల్లగా అన్నారు. "సంఘాలు ఎదురుచూస్తున్నాయండి. ఆ తెల్ల దారం కట్టుకోనివ్వడం మీ దయ. ఇవ్వమని మేం తీర్పు చెప్పలేం."

యజమాని వెళ్లి తమ్ముడి పెట్టెల్లో ఒకదాని మూత ఎత్తి చూశారు. "ఆరాధన మధ్యలో మూగబోతే వీడి పేరు చెప్పరండీ, గుంటూరు పెట్టె పోయిందంటారు," అన్నారు చివరికి. నా వైపు చూడకుండానే, "అమ్మాయిల్ని పిలిపించి మార్పించండి," అని బయటికి వెళ్లిపోయారు.

మా అమ్మాయిలంతా వచ్చారు. పైటలు ముక్కుకి కట్టుకుని, దగ్గుతూ తుమ్ముతూ లక్క కరిగించి, పసుపు దారాలు కోసి తెల్లవి కట్టారు. ప్రత్తిపాడు అమ్మాయి తమ్ముడితో, "ఏం సారూ, పెళ్లి చూసొచ్చారు గానీ మంత్రాలు నేర్చుకోలేదే," అంది. అందరూ నవ్వారు. తమ్ముడు కూడా నవ్వబోయి ఊరుకున్నాడు. సరుకు వెళ్లిపోయింది, పండక్కి మోగింది కూడా. ఫలానా ఊళ్లో తెల్లారిందాకా ఆగకుండా వాయించారని తర్వాత విన్నప్పుడు, ఎవరి పెట్టె అయితేనేం, నాకు సంతోషమేసింది.

మర్నాడు యజమాని నన్ను గదిలోకి పిలిచారు.

"మీరు నిజం చెప్పారని కాదమ్మా నా బాధ. మద్రాసు మాట మన మధ్యే ఉండాలన్నాను. మీరు తలూపారు."

"ఊపానండి. కానీ ఆయన సూటిగా అడిగారు కదండీ."

"అడిగితే? మా సార్‌నే అడగండి అనొచ్చుగా. నా నోటితో నేనే చెప్పుకునేవాణ్ణేమో. ఆ అవకాశం మీరు నాకివ్వలేదు."

ఆయన చెప్పి ఉండేవారో లేదో నాకు తెలియదు. ఆయనకైనా తెలుసో లేదో. నన్ను పొమ్మనలేదు. టెస్టింగ్ నుంచి తీసి ప్యాకింగ్‌లో వేశారు. అట్టపెట్టెలకు టేపు వేస్తూ నాలుగు రోజులు కూర్చున్నాక నా పౌరుషం ఒప్పుకోలేదు, మానేశాను. ఆయన చెడ్డవాడని ఈ రోజుకీ అనను. ఆ కాస్త తెల్ల దారం ఇవ్వకుండా ఉండగలిగినవాడు, ఇచ్చాడు. ఆ తర్వాత ఒక ప్రైవేటు పాలిటెక్నిక్ ల్యాబులో చేరి, అక్కడే రిటైరయ్యాను.

ఇక్కడితో ఆపితే పిల్లలు చప్పట్లు కొడతారు. కానీ ఇంకో సంగతి ఉంది.

రెండు మూడేళ్ల తర్వాత తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. బాగా నిలదొక్కుకున్నాడు. అరటిపళ్లు, స్వీట్ ప్యాకెట్ తెచ్చాడు. కుశల ప్రశ్నలయ్యాక కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"అక్కా, చిలకలూరిపేటలో ఒకడు బయల్దేరాడు. మా దగ్గర పనిచేసి పోయినవాడే. అచ్చం నా పెట్టె. లోపల తెల్ల దారం కూడా అలాగే. కేసు పెడదామనుకుంటున్నా. దానికన్నా ముందు పెద్దమనుషుల్లో పెడితే పని సులువు. నీ మాటంటే వాళ్లకి గురి. నువ్వొచ్చి ఆ నిచ్చెన, ఆ దారం నావేనని ఒక్క మాట చెబితే చాలు."

నేను అతని ముఖంలోకి చూశాను. హాస్యానికి అనలేదు. ఆ గోడౌను, ఆ పొగ, నేను టేపు వేసిన అట్టపెట్టెలు ఏవీ అతనికి గుర్తున్నట్టు లేవు. ఉద్యోగం మానేసిన రోజు కూడా నాకు అంత కష్టంగా అనిపించలేదు.

"వస్తాను తమ్ముడూ," అన్నాను. "తప్పకుండా వస్తాను. వచ్చి, ఆ రోజు చెప్పిందే మళ్లీ చెబుతాను."

తమ్ముడు లేచాడు. కాఫీ తెస్తున్నా కూర్చోమన్నా కూర్చోలేదు. చెప్పులు వేసుకుంటూ, "నువ్వు ఎప్పుడూ అవతలివాళ్ల వైపే అక్కా," అన్నాడు.